కోడలి పక్కన చోటు అడిగిన కాప్టెను

బోస్టన్ నుంచి దక్షిణంగా సముద్రపు ఒడ్డునే 35 మైళ్ళు పోతే డక్స్‌బరీ అనే చిన్న ఊరు వస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మనవాళ్ళు నయాగరా చూస్తారు, న్యూయార్కు చూస్తారు. నేను డక్స్‌బరీ శ్మశానం చూస్తానంటే మా కోడలు "ఇదేం ముచ్చట, మామయ్యగారూ!" అని నవ్వింది. అయినా కారు తీసింది ఆవిడే.

1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ఈ తీరానికి వచ్చారు. మొదటి చలికాలం గడిచేసరికి సగంమంది పోయారు. వాళ్ళ సైనికాధికారి కాప్టెన్ మైల్స్ స్టాండిష్. అతని భార్య రోజ్ ఆ చలిలోనే పోయింది. 1623లో మరో ఓడలో వచ్చిన బార్బరాను పెళ్ళి చేసుకొని, కొన్నేళ్ళకు సేద్యపు భూమి కోసం ప్లిమత్ విడిచి, అఖాతానికి ఈ పక్కకు చేరాడు. 1637లో ఇది వేరే ఊరయింది. మొదటి ప్రార్థనామందిరం కట్టుకున్న చోటనే చనిపోయినవాళ్ళనూ పూడ్చుకున్నారు.

లోపల చెట్లు, పచ్చిక, రెక్కలున్న పుర్రెలు చెక్కిన నల్లని పలకరాళ్ళు. పేరున్న రాళ్ళలో అన్నిటికంటె పాతది 1700 నాటిది, ఒక మతగురువుది. అంతకు ముందు పోయినవాళ్ళ మీద పేర్లే లేవు. మన బందరులో 1606 నాటికే కోఠీ పెట్టిన డచ్చివారు తమవాళ్ళ సమాధులకు ఎంతెంత బండలు పరిచారో చూసినవాళ్ళకు ఈ పేదరికం వింతగా ఉంటుంది. వాళ్ళు వర్తకులు, వీళ్ళు రైతులు మరి.

1789 తరువాత ఇక్కడ పూడ్చడం మానేశారు. ముళ్ళపొదలు పెరిగాయి, పశువులు మేశాయి. 1887లో ఊరికి 250 ఏళ్ళు నిండిన సందర్భంలో శుభ్రం చేశారు. అప్పుడు పుట్టింది ప్రశ్న: ఇంతకూ కాప్టెను ఎక్కడ?

ఆధారం అతని వీలునామాలో ఉంది. 1656లో పోయేముందు రాసిన ఆ కాగితంలో, డక్స్‌బరీలో చనిపోతే తన ఇద్దరు కూతుళ్ళ దగ్గర పూడ్చమని కోరాడు. ఒకరు కన్నకూతురు లోరా. రెండోది కోడలు మేరీ. ఇద్దరూ అతనికంటె ముందే పోయారు. కోడలిని కూతురితో సమంగా లెక్కించి, ఆవిడ పక్కన చోటు అడిగిన మామగారు! ఈ మాట చెప్పాక మా కోడలు ఇంక నవ్వలేదు.

1889లో తవ్వారు, 1891లో మళ్ళీ తవ్వారు. ఒక వృద్ధుడి ఎముకలూ ఇద్దరు యువతుల ఎముకలూ దొరికాయి. ఇంకేముంది, ఇదేనని నిశ్చయించారు. చుట్టూ గుండ్రాళ్ళతో బుల్లి కోటలాంటి గోడ, నాలుగు మూలల నాలుగు ఫిరంగులు పెట్టారు. 1930లో మూడోసారి తవ్వి, రాగిపెట్టెలో పెట్టి భద్రం చేశారు.

ఆ ఫిరంగులు నాకు నచ్చలేదు. అతడేమీ సాధువు కాడు. 1623లో విటువామట్ అనే స్థానికుణ్ణి మరికొందరితోపాటు గదిలోకి రప్పించి, తలుపు వేసి చంపించి, తల ప్లిమత్ కోటకు గుచ్చించాడు. ఇంకొక సంగతి. 1620లో దిగీ దిగగానే ఇతని వెంట వెళ్ళిన జట్టు ఇసుకలో ఒక సమాధిని తవ్వింది. విల్లూ బాణాలూ కనబడగానే, చనిపోయినవాళ్ళను కదపడం తగదనుకొని పూడ్చేశారు. కొద్ది రోజులకు వెళ్ళిన రెండో జట్టుకు ఆ జంకు లేదు. ఒక మగమనిషి ఎముకలతోపాటు ఒక పసిబిడ్డ ఎముకలు, పూసలు బయటపడితే, అందంగా ఉన్నవి కొన్ని తీసుకొని మిగతావి పూడ్చారు. ఇదంతా వాళ్ళే రాసుకున్నారు. ఆ బిడ్డ ఎవరో, తల్లి పక్కన చోటు దొరికిందో లేదో వెదకడానికి వీలునామా ఏదీ లేదు.

అక్కడినుంచి ప్లిమత్ వెళ్ళి పిల్‌గ్రిమ్ హాల్ అనే మ్యూజియం చూశాం. అక్కడ లోరా కుట్టిన పొడుగాటి గుడ్డపట్టీ ఉంది. నారబట్ట మీద పట్టుదారంతో వరుసలు వరుసలుగా లతలు, కింద తన పేరు. అమెరికాలో ఇంతకంటె పాత కుట్టుపట్టీ దొరకలేదట. మా కోడలు అద్దానికి ముఖం ఆనించి కుట్లు లెక్కపెడుతూ చాలాసేపు నిలబడిపోయింది.