ఇబ్బంది పెట్టని అమ్మాయి

బడిలో ఇబ్బంది పెట్టే పిల్లలంటే మనకి ముందు మగపిల్లలే గుర్తొస్తారు. బెంచీ తన్నేవాడు, పక్కవాడి మీద చెయ్యి చేసుకునేవాడు, మాస్టారు ఒక్క మాట అంటే గోడకి తల బాదుకునేవాడు. వాడి లోపల ఏ బాధ ఉందో ఎవరూ అడగకపోవచ్చు, కానీ వాడొకడున్నాడని బడికి తెలుస్తుంది. ఆడపిల్ల అలా కాదు. బాధ ఎక్కువైతే నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న ఆడపిల్లని బుద్ధిమంతురాలంటాం.

సబ్బవరంలో మా వీధి చివర ఉండే అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండేళ్ల క్రితం తండ్రి పోయాడు. అప్పట్నుంచీ కొంచెం కొంచెంగా మాట తగ్గిపోయింది. క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది. జవాబు తెలుసు, మాట రాదు. పరీక్ష రోజున వాంతులు. గోళ్ల చుట్టూ చర్మం పీక్కుని పీక్కుని వేళ్లు పచ్చిపుళ్లు. చుట్టాలు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. చదువు మాన్పించి పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుందని కూడా తేల్చేశారు. తల్లితో కలిసి నేను బడికి వెళ్లి అడిగితే, "ఆ పిల్లతో మాకే ఇబ్బందీ లేదండీ, చాలా నెమ్మదస్తురాలు" అన్నారు. అదే ఏడు అదే క్లాసులో డస్టర్ విసిరిన అబ్బాయికి టీసీ ఇచ్చి పంపేశారు. అబ్బాయిని గేటు దాటించారు, అమ్మాయిని హాజరుపట్టీలో ఉంచుకున్నారు. ఇద్దరిలో ఎవరూ ఆ తరగతిలో లేరు. కాగితాల్లో మాత్రం ఈ అమ్మాయిది 'సమ్మిళిత విద్య' కిందే లెక్క.

నా పిహెచ్‌డిలో సగం కాలం గిల్బర్ట్, గూబర్‌లు 1979లో రాసిన 'అటక మీది పిచ్చిది' చుట్టూనే తిరిగింది. పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో బంధించిన స్త్రీల గురించి సెమినార్లలో ఎంతసేపైనా మాట్లాడగలను. ఆఖరి బెంచీ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ పరిభాష ఏమీ పనికి రాలేదు. చట్టాలు చదవాల్సి వచ్చింది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. మానసిక రుగ్మత రెంటిలోనూ ఉంది. వైకల్యమున్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని, వాళ్ల అవసరాలకి తగ్గట్టు ఏర్పాట్లు చేయాలని 2016 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. కానీ 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య లాంటి ప్రత్యేక హక్కులు కావాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. అంటే సదరం. దుఃఖాన్ని శాతాల్లో కొలిపించుకోవడం.

ఆ మాట ఎత్తగానే తల్లి చేతులు జోడించింది. "అమ్మా, సినవాల్తేరు కాయితం ఇంట్లో ఉందని తెలిస్తే రేపు ఈ గుంటని ఎవులు సేసుకుంటారమ్మా?"

ఇది అమాయకత్వమని నేననుకోను. 1955 హిందూ వివాహ చట్టం మానసిక రుగ్మతని విడాకులకి ఒక కారణంగా ఒప్పుకుంటుంది. ఆమెకి సెక్షన్లు తెలియవు, వాటి ఫలితం తెలుసు. కూతుర్ని క్లాసులో నిలబెట్టే కాగితమే రేపు కాపురం నుంచి గెంటేయడానికి పనికొస్తుంది. మగపిల్లాడి తల్లికి ఈ భయం ఇంతగా ఉండదు.

2023 జులైలో, నీట్ కోచింగ్ కోసం విశాఖ వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న ఇచ్చిన తీర్పులో కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, పిల్లల్ని నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

మంచిదే. కానీ నేను చూసిన బళ్లలో కౌన్సెలర్ ఎవరని అడిగితే అందరి వేళ్లూ లేడీ టీచర్ వైపు తిరుగుతాయి. పిల్ల ఏడిస్తే ఆమె దగ్గరికి పంపుతారు, పెద్దమనిషైతే ఆమె దగ్గరికి పంపుతారు, కళ్లు తిరిగి పడిపోయినా ఆమే. పీరియడ్ల భారం తగ్గదు, ఈ పని ఎక్కడా రాసుకోరు. మన ఇళ్లల్లో జరిగేదే ఇక్కడా జరుగుతోంది. మనసుల్ని సర్దే పని ఆడవాళ్లకి పుట్టుకతో వస్తుందని నమ్మినంతకాలం, దానికి జీతమిచ్చి ఒక మనిషిని ఎందుకు పెడతారు?

ఈ అమ్మాయి విషయంలోనూ ముందుకొచ్చింది తెలుగు మేడమే. లేచి చెప్పక్కర్లేదు, నోట్సులో రాసి చూపిస్తే చాలంది. యూనిట్ టెస్టు వరండాలో కూర్చుని రాయనిచ్చింది. దానికి సర్క్యులరేమీ అక్కర్లేకపోయింది. వాంతులు తగ్గాయి. లెక్కల మాస్టారు మాత్రం ఇది గారాబమే అంటున్నారు.

తల్లి ఇప్పుడు నెలకోసారి పిల్లని చినవాల్తేరు ఆస్పత్రికి తీసుకెళ్తోంది. వీధిలో అడిగితే కళ్లద్దాలకని చెబుతోంది. మందులు తెస్తుంది, సదరం మాట ఎత్తదు. వచ్చే ఏడాది పదో తరగతి. పబ్లిక్ పరీక్షలో రాయితీ అడగాలంటే ఆ కాగితం చూపించాలి. వరండాలో కూర్చోబెట్టడానికి అక్కడ తెలుగు మేడం ఉండదు. ఏం చేయాలో ఆమే కాదు, నేనూ ఇంకా తేల్చుకోలేదు.