తీర్పు బాధితుని గడప చేరాలి

మదరసాలో ఫిఖ్హ్ బోధిస్తూ దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. 'హిదాయా' గ్రంథంలో హుదూద్ అధ్యాయానికి వచ్చినప్పుడల్లా ఒక మస్అలా వద్ద తరగతి కాసేపు ఆగిపోతుంది. ముస్లిం రాజ్యానికి చెందిన వ్యక్తి ఎల్లలు దాటి, శత్రురాజ్యపు నేలమీద వ్యభిచార నేరానికి పాల్పడి తిరిగివచ్చాడనుకుందాం. ఇక్కడి న్యాయమూర్తి అతనికి హద్ శిక్ష విధించవచ్చునా? విధించరాదని హనఫీ ధర్మవేత్తల అభిప్రాయం. నేరం జరిగిన వేళ, జరిగిన చోట పాలకుని అధికారం చెల్లలేదన్నది వారి తర్కం. విధించవలసిందేనని ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం. మనిషి ఏ నేలమీద అడుగుపెట్టినా ధర్మశాసనం అతనికి కట్టుబాటేనని ఆయన వాదన. స్వయంగా శిక్ష అమలుపరచే అధికారం గల ఖలీఫాయో, నగర పాలకుడో సేనతోపాటు బయలుదేరితే శిబిరంలో జరిగిన నేరానికి ఆయన అక్కడే శిక్ష విధించవచ్చునని, కేవలం దండు నాయకునికి ఆ అధికారం లేదని కూడా హనఫీలు వివరించారు.

"అయితే ఆ నేరస్థుడు తప్పించుకున్నట్లేనా హజ్రత్?" అని ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. శిక్షించే చేయి చేరకపోవడం వేరు, నేరం నేరం కాకుండా పోవడం వేరు అని చెబుతాను. మొదటిది న్యాయమూర్తికి ఉన్న పరిమితి. రెండవ మాట మన ఇమాములలో ఎవరూ అనలేదు. దైవసన్నిధిలో ఆ లెక్క అలాగే ఉంటుంది.

పన్నెండు వందల ఏళ్లనాటి ఈ చర్చ నేటికి పాతబడిందని ఎవరైనా అనుకుంటే, వారు ఒకసారి ప్రపంచపటం ముందు కూర్చోవాలి. జపాన్, దక్షిణ కొరియా, జర్మనీ, ఇటలీ వంటి దేశాలలో పరాయి సైన్యం దశాబ్దాలుగా మకాం వేసి ఉన్నది. ఆ సైనికుడు అక్కడి ఊరిలో నేరం చేస్తే విచారించేది ఎవరు? 1951లో నాటో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ఇందుకు ఒక పద్ధతి ఏర్పరచింది. సైనికుడు విధి నిర్వహణలో చేసినదైతే, లేదా తన తోటి సైనికుని పట్ల చేసినదైతే, విచారించే మొదటి హక్కు అతణ్ణి పంపిన దేశానిది. మిగిలిన నేరాలలో ఆ హక్కు నేల యజమానిది. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని తరువాతి కాలంలో జరిగిన సంఘటనలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

జపాన్ దక్షిణాన ఒకినావా ద్వీపాలున్నాయి. ఆ దేశ భూభాగంలో అవి నూటికి ఒక వంతు కూడా కావు. అయినా అక్కడి అమెరికా సైనిక స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం భారాన్ని ఆ ద్వీపాలే మోస్తున్నాయి. 1995 సెప్టెంబరు 4న ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ల బాలికను అపహరించి అత్యాచారం చేశారు. నిందితులు స్థావరం లోపల అమెరికా అదుపులో ఉంటే, నేరారోపణ నమోదయ్యేదాకా వారిని జపాన్‌కు అప్పగించనవసరం లేదని నాటి ఒప్పందంలో ఉన్నది. ఆ దారుణం తెలిసిన ప్రజలకు ఈ నిబంధన గాయంపై కారమైంది. అక్టోబరు 21న సుమారు 85,000 మంది ఒక్కచోట గుమికూడి నిరసన తెలిపారు. చివరకు ఆ ముగ్గురూ నాహా పట్టణంలోని జపాన్ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. 1996 మార్చిలో వారికి ఆరున్నర నుండి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడింది. ఘోరమైన నేరాలలో ముందుగానే అప్పగించే విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తామని అమెరికా అంగీకరించింది. ఆ శిక్ష చాలునా అన్నది వేరే చర్చ. బాధితురాలి ప్రజలకు అర్థమయ్యే భాషలో, వారి నేలమీద, వారి కళ్లెదుట తీర్పు వెలువడింది.

దక్షిణ కొరియాలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 2002 జూన్‌లో యాంగ్జూ ప్రాంతంలో రోడ్డు వెంట నడిచి వెళ్తున్న ఇద్దరు బడిపిల్లలు అమెరికా సైనిక శకటం క్రింద నలిగి మరణించారు. అది విధి నిర్వహణలో జరిగినది గనుక విచారణ హక్కు మాదేనని అమెరికా సైన్యం పట్టుబట్టింది. నవంబరులో వారి సైనిక న్యాయస్థానం ఆ ఇద్దరు సైనికులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకుని సియోల్ వీధులలోకి వచ్చారు. ఒకవేళ అది నిజంగా ప్రమాదమే కావచ్చు. కాని న్యాయమూర్తులూ వారే, ముద్దాయిలూ వారివారే అయినప్పుడు, నిజమైన ప్రమాదాన్ని కూడా ప్రమాదమని నమ్మించడం కష్టం.

ఇక ఇరాక్. ఆక్రమణ కాలపు తాత్కాలిక పాలక వ్యవస్థ 17వ నంబరు ఉత్తర్వు ద్వారా విదేశీ సైనికులను ఇరాక్ న్యాయస్థానాల పరిధి నుండి పూర్తిగా తప్పించింది. ఈ రక్షణ నీడలోనే 2006 మార్చి 12న బాగ్దాద్‌కు దక్షిణాన మహ్మూదియా సమీపంలో, చెప్పడానికి నోరు రాని ఘోరం జరిగింది. సైనికులు ఒక ఇంటిలోకి చొరబడి పద్నాలుగేళ్ల బాలికను చెరచి చంపారు. ఆమె తల్లినీ తండ్రినీ ఆరేళ్ల చెల్లెలినీ కాల్చివేశారు. బడికి వెళ్లినందువల్ల ఇద్దరు చిన్న తమ్ముళ్లు మాత్రమే మిగిలారు. తొలుత ఆ నేరం తిరుగుబాటుదారుల ఖాతాలో పడింది. కొన్ని నెలల తరువాత అదే దళానికి చెందిన ఒక సైనికుడు తోటివారి బెదిరింపుకు వెరవకుండా నోరు విప్పాడు. అతడు మౌనంగా ఉండివుంటే ఈ సంగతి లోకానికి తెలిసేది కాదేమో!

శిక్షలు తేలికగా పడలేదన్నది కూడా చెప్పడం ధర్మం. ముగ్గురికి సైనిక న్యాయస్థానాలు 90, 100, 110 ఏళ్ల చొప్పున శిక్ష విధించాయి. అయితే పెరోలు కోరే వీలు ఉంచాయి. ముఖ్య నేరస్థుడు అప్పటికే సైన్యం నుండి బయటికి వచ్చినందున, విదేశాలలో సైన్యంతో ఉన్నవారి నేరాల కోసం 2000 సంవత్సరంలో చేసిన చట్టం క్రింద అతణ్ణి కెంటకీ రాష్ట్రంలోని పడూకా పట్టణంలో విచారించారు. మరణశిక్షపై జ్యూరీ ఏకాభిప్రాయానికి రాకపోవడంతో 2009లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ బాలిక బంధువులు తమ బాధ చెప్పుకోవడానికి సముద్రాలు దాటి, తెలియని భాషలో నడిచే న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. ఆమె ఊరివారు ఆ విచారణలో ఒక్క పూటనైనా చూడలేదు. వారి న్యాయమూర్తి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంతకన్నా చేదైన ఉదాహరణ హదీసా పట్టణం. 2005 నవంబరు 19న అక్కడ అమెరికా మెరైన్ల చేతిలో 24 మంది పౌరులు హతులయ్యారు. స్త్రీలు, పిల్లలు కూడా వారిలో ఉన్నారు. ఎనిమిది మందిపై అభియోగాలు మోపారు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే రద్దయింది, ఒకరు నిర్దోషిగా విడుదలయ్యారు. 2012లో మిగిలిన ఒక్కడు విధి నిర్వహణలో అశ్రద్ధ చూపినట్లు ఒప్పుకున్నాడు. జైలు గడప తొక్కకుండానే అతని కేసు ముగిసింది.

పంపిన దేశం వాదనను కూడా విందాం. మా సైనికుణ్ణి ద్వేషంతో మండుతున్న పరాయి న్యాయస్థానానికి అప్పగిస్తే అతనికి న్యాయం దక్కుతుందా అని వారి ప్రశ్న. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేను. అరబ్బీ చదవగలనన్న కారణంగా, గల్ఫ్‌లో కేసులలో చిక్కుకున్న కార్మికుల కుటుంబాలవారు కాగితాలు పట్టుకుని నా వద్దకు వస్తుంటారు. అందులో హిందువులూ ఉంటారు, ముస్లింలూ ఉంటారు. ఒకసారి ఒక తల్లి తీర్పు ప్రతిని నా చేతిలో పెట్టి, "మౌలానా సాబ్, మావోణ్ణి మన దేశానికి పంపియ్యరాదూ? తప్పు జేస్తె ఈడనే జైల్ల పెట్టుకోరా?" అని అడిగింది. లోకంలోని ప్రతి తల్లి కోరికా అదే. ఆ కోరికలో తప్పు లేదు. కాని ఆమె కుమారుని వెనుక ఏ సైన్యమూ లేదు. అతడు పనిచేసిన నేల చట్టమే అతనికి చట్టం. సిరిసిల్ల ప్రాంతపు వలస కార్మికులు దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు మరణించిన కేసులో సుమారు 18 ఏళ్లు జైలులో గడిపి ఇటీవలే ఇల్లు చేరిన వృత్తాంతం మనకు తెలిసినదే. మృతుని కుటుంబాన్ని వెతుక్కుంటూ నేపాల్ వెళ్లి 15 లక్షల రూపాయల పరిహారం అందించారు, క్షమాపణ పొందారు. తాపీ పట్టుకుని వెళ్లినవాడు పరాయి నేల న్యాయానికి తల వంచవలసిందే. తుపాకి పట్టుకుని వెళ్లినవానికి మాత్రం తన న్యాయస్థానం తన వెంటే వస్తుంది. ఇదెక్కడి తూకం?

'మావాణ్ణి మేమే చూసుకుంటాం' అన్నది పల్లె పంచాయితీలో బలవంతుల మాట. రాజ్యాలు దానినే ఒప్పందపు భాషలో వ్రాసుకుంటాయి.

ఈ సందర్భంలో మన చరిత్రలోని ఒక ఘట్టం జ్ఞాపకం చేసుకోవాలి. హిజ్రీ 8వ సంవత్సరం, మక్కా విజయానంతరం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) నాయకత్వంలో ఒక దళాన్ని బనూ జజీమా తెగ వద్దకు పంపారు. వారు ఇస్లాం స్వీకరించామని చెప్పదలచి, సరైన పదం రాక వేరొక పదం పలికారు. ఖాలిద్ (రజి) దానిని అంగీకారంగా భావించలేదు. బందీలను చంపమని ఆజ్ఞాపించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తన బందీని చంపడానికి నిరాకరించారు, తన సహచరులనూ చంపనివ్వలేదు. వార్త విన్న దైవప్రవక్త (స) చేతులెత్తి, ఖాలిద్ చేసిన పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ఎదుట రెండుమార్లు విన్నవించుకున్నారు. తరువాత హజ్రత్ అలీ (రజి)ని ధనంతో ఆ తెగ వద్దకే పంపారు. ప్రాణాలకు రక్తపరిహారమే గాక, పోయిన సొత్తుకు, చివరికి కుక్క నీళ్లు త్రాగే తొట్టికి కూడా వెల చెల్లించారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఇంకా మిగిలిన సొమ్మును, తెలియక వదిలివేసినది ఏమైనా ఉంటే దానికి గాను, వారికే ఇచ్చివచ్చారు.

ఖాలిద్ (రజి) చేసినది అవగాహనలోని పొరపాటు గనుక ఆయనపై ప్రతీకార శిక్ష లేదని ధర్మవేత్తలు వివరించారు. కాని ఆ వివరణను బాధితుల చేతిలో పెట్టి సరిపుచ్చుకోమనలేదన్నది గమనార్హం. సేనను పంపినవారే బహిరంగంగా ఆ పనిని ఖండించారు. బాధితులు మదీనాకు నడిచి రాలేదు, న్యాయమే నడిచి వారి గుడారాల వద్దకు వెళ్లింది.

ఇంతటి ఆదర్శం కలిగివున్నామని గర్వించి ఊరుకుంటే సరిపోదు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో పాకిస్తాన్ సైన్యం చేసిన హత్యలకూ, మానభంగాలకూ బలైన వారిలో ముస్లింలు ఎందరో, హిందువులూ ఎందరో ఉన్నారు. యుద్ధనేరాల విచారణకు 195 మంది సైనికాధికారులను బంగ్లాదేశ్ గుర్తించింది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాలు చేసుకున్న ఒప్పందంతో వారంతా విచారణ లేకుండానే స్వదేశం చేరారు. పాకిస్తాన్ ప్రభుత్వమే నియమించిన హమూదుర్రహ్మాన్ కమిషన్, కొందరు అధికారులను బహిరంగంగా విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2000 సంవత్సరం వరకు వెలుగు చూడలేదు, ఆ సిఫారసు అమలు కాలేదు. మహ్మూదియా బాలిక కోసం కన్నీరు పెట్టే మనం, ఢాకా బాలికల విషయంలో గొంతు తగ్గిస్తే ఆ కన్నీటికి విలువ ఏమున్నది? స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యమివ్వమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. ఒక జాతిపట్ల ద్వేషం కూడా మనలను అన్యాయానికి పురికొల్పరాదని హెచ్చరిస్తున్నది. ఆ ఆదేశం ఇతరులకు వినిపించడానికి మాత్రమే అవతరించలేదు.

ఇతరులలో మంచి కనిపిస్తే చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా తన సైనికులు అఫ్గానిస్తాన్‌లో చేసిన పనులపై తానే దర్యాప్తు జరిపించింది. 39 మందిని అన్యాయంగా చంపినట్లు నమ్మదగిన సమాచారం లభించిందని 2020 నవంబరులో స్వయంగా ప్రకటించింది. శిక్షలు ఖరారయ్యేదాకా ఆగకుండా మృతుల కుటుంబాలకు పరిహారం చెల్లించాలని ఆ నివేదిక సూచించింది. ఆచరణ ఎంత నత్తనడక నడిచినా, సూచించిన దారి సరియైనదే.

సోదరీ సోదరులారా! సైన్యాల ఒప్పందాలను మనం తిరగవ్రాయలేము. కాని అవే ఒప్పందాలు చిన్న రూపంలో మన ఇళ్లలోనూ అమలవుతుంటాయి. మన పిల్లవాడు పొరుగింటి పిల్లవాణ్ణి కొడితే, తలుపు వేసుకుని లోపల మందలించి 'మావాణ్ణి మేము దండించాంలెండి' అంటాం. దెబ్బ తిన్న పిల్లవాడు ఆ మందలింపును చూశాడా? విన్నాడా? పగిలిన పలక అతనికి తిరిగి వచ్చిందా? పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆ గడప దాకా వెళ్లండి. తప్పును వారి ఎదుట తప్పని చెప్పించండి. పోయినదానికి బదులు ఇచ్చి, ఇంకేమైనా బాకీ ఉన్నదా అని అడిగి రండి. ఆ నడక నేర్చిన బిడ్డ రేపు ఏ దేశపు యూనిఫాం తొడిగినా, ఏ నేలమీద నిలబడినా, పరాయి బిడ్డ ప్రాణం తన ఇంటి బిడ్డ ప్రాణంతో సమానమని తెలిసి నిలబడతాడు.