సాగరతీరపు ఇసుక నేలకు సత్తువ

విశాఖలో రుషికొండ నుంచి భీమిలి దాకా తీరం వెంట ఉన్న పెరళ్లలో ఇసుక పాలు ఎక్కువ. తడిపి పిడికిట్లో బిగించినా ఆ మట్టి ముద్ద కట్టదు. పోసిన నీరు, వేసిన యూరియా వేళ్లకు అందకముందే కిందికి జారిపోతాయి. సేంద్రియ పదార్థమే దీనికి మందు. బాగా చివికిన పశువుల ఎరువును 2, 3 అంగుళాల మందాన పరిచి, జానెడు లోతున మట్టిలో కలపాలి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేళ్లు మాడిపోతాయి. కొబ్బరి పొట్టు నీటిని చక్కగా పట్టి ఉంచుతుంది గానీ, ఉప్పు పోయేలా ముందే కడగాలి. అన్నిటికన్నా చవక పచ్చిరొట్ట: తొలకరికి జీలుగో జనుమో చల్లి, పూతకు రాగానే మట్టిలో తిరగేస్తే చాలు. ఇక్కడి వేడికి, ఉక్కకు సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. రాలిన ఆకుల్ని తగలబెట్టకండి, మొక్కల మొదళ్లలో కప్పండి.