మా కారుకు బోరు కొట్టించాం

"బోరు" అనగానే మీలో చాలామందికి పెరట్లో చేతిపంపో, రాత్రిపూట సాగదీసే టీవీ సీరియలో గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ రెండూ కాదు, కారు ఇంజన్ బోరు. వంటల పక్కన ఈ ఇంజన్ గోలేమిటని పేజీ తిప్పేయకండి. 2019 ఎండాకాలంలో మా ఇంట్లో పది రోజులపాటు అన్నం ముందు కూర్చుంటే ఇదే మాట, ఇదే పోట్లాట.

మాది బెల్లంపల్లి. 2004 మోడల్ మారుతి 800 ఉంది, సెకండ్ హ్యాండులో కొన్నాం. అప్పట్లో మా అత్తమ్మకు వారానికి రెండుసార్లు మంచిర్యాలలో డయాలిసిస్. బస్సెక్కి దిగే ఓపిక ఆమెకు లేదు. కాబట్టి ఆ కారు మాకు షోకు కాదు. అదేమో వెనక నుంచి నీలంపొగ కొట్టడం మొదలుపెట్టింది. పోసిన ఇంజన్ ఆయిలు పోసినట్టే తాగేసేది. కాస్త ఎత్తు వస్తే చాలు, మూలిగేది. ఒక మెకానిక్ చూసి, రింగులు మారిస్తే చాలన్నాడు. 6 వేలు తీసుకుని మార్చాడు. రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే పొగ.

ఎందుకలా అయిందో నాకు తర్వాత తెలిసింది. మీకు మురుకుల గొట్టం తెలుసు కదా! పైనుంచి నొక్కే బిళ్ళ గొట్టానికి సరిగ్గా పట్టి ఉంటేనే పిండి కింది నుంచి దిగుతుంది. బిళ్ళ వదులైతే పక్కసందుల్లోంచి పైకి ఎగదన్నుతుంది. ఎంత నొక్కినా చేతులు నొప్పే తప్ప మురుకు రాదు. ఇంజన్‌లోనూ అంతే. గొట్టం పేరు సిలిండరు, బిళ్ళ పేరు పిస్టన్. మా కారుకు అవి మూడేసి. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని గొట్టం అరిగింది. అదీ గుండ్రంగా అరగలేదు, కోడిగుడ్డులా ఒక పక్కకు అరిగింది. అలాంటి దాంట్లో గుండ్రటి కొత్త రింగులు వేస్తే ఏం లాభం? కింది ఆయిలు సందుల్లోంచి పైకి వచ్చి కాలిపోతుంది. ఆ నీలంపొగ అదే.

మావాడు అప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. వాడి ఉత్సాహం చూడాలి! "అమ్మా, ఎట్లాగూ ఇంజన్ విప్పుతున్నం. బోరు పెద్దగ కొట్టించి 900 సి.సి. చేద్దాం. ఏసీ వేసినా మంచిగ గుంజుతది" అన్నాడు. మా ఆయనేమో "ఆ డబ్బా అమ్మెయ్యి" అని ఒకటే మాట. అమ్మితే వచ్చేదెంత? కొత్తది కొనేదెక్కడ? చేతిలో ఉన్నది నా చిట్టీ డబ్బు 40 వేలు. అది మా అమ్మాయి ఇంటర్ ఫీజుకని దాచింది. అందులోంచి తీయాలంటే ఆ పనేమిటో నాకు తెలియాలి కదా! ఇంజన్ విప్పి సిలిండర్ల బ్లాకును మంచిర్యాల తీసుకెళ్తుంటే నేనూ బయల్దేరాను. మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

లేతు షాపు పెద్దాయన మంచివాడు. "గోటితోని గీకి చూడు బిడ్డా" అన్నాడు. సిలిండరు పైఅంచు దగ్గర గోరు టక్కున ఆగింది. రింగు తాకని చోట పాత సైజు అలాగే ఉండి, దాని కింద అరిగిపోయిందన్నమాట. తర్వాత గడియారంలాంటి గేజిని లోపలికి దించాడు. పైన ఒక కొలత, కింద ఒక కొలత. ముల్లు తిరుగుతుంటే నాకు ఆ 6 వేలు గుర్తొచ్చాయి. రింగులు వేసే ముందు ఈ ముల్లు ఒక్కసారి చూసి ఉంటే!

మావాడు 900 మాట ఎత్తాడు. పెద్దాయన కాదనలేదు, "లెక్క కట్టుకోని రా" అన్నాడు. ఆ రాత్రి క్యాలెండరు కాగితం వెనక నేనే కట్టాను. టెన్త్‌లో చదివిన స్తూపం ఘనపరిమాణమే కదా! మా కారు సిలిండరు వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ మీదికీ తిరిగే దూరం 72. మూడింటికీ కలిపి సరిగ్గా 796 సి.సి. వచ్చింది. ఆర్.సి. పుస్తకంలో ఉన్నదీ అదే. అర మిల్లీమీటరు బోరు కొడితే 69 అవుతుంది. లెక్క 808కి దగ్గరగా వచ్చింది. పెరిగింది 12 కూడా లేదు. మందు పోసే చిన్న చెంచాతో రెండున్నర చెంచాలు, అదీ మూడు సిలిండర్లకూ కలిపి! మరి 900 కావాలంటే? దాదాపు 73 మిల్లీమీటర్లకు తొలవాలి. చుట్టూరా గోడను రెండు మిల్లీమీటర్లకు పైగా కోసెయ్యాలి.

మర్నాడు పెద్దాయన ఆ కాగితం చూసి, "గోడ వెనక ఏమున్నదో తెలుసా? నీళ్ళు" అన్నాడు. ఇంజన్ చల్లబడటానికి సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. పలచబడిన గోడ వేడికి వంకరపోయినా, పగిలినా బ్లాకే పోయినట్టు. కోసిన లోహాన్ని మళ్ళీ అతికించలేం. అంత పెద్ద పిస్టన్ ఈ ఇంజన్‌కు కంపెనీ ఇవ్వదు కూడా. ఆయన ఇంకో మాట చెప్పాడు, అది మావాడికి బాగా తగిలింది. 1985లో వచ్చిన జిప్సీకి 970 సి.సి. ఇంజన్. అందులో పిస్టన్ తిరిగే దూరం మా కారుదే, 72. కానీ సిలిండరు వెడల్పు 65.5, అంటే మా దానికన్నా సన్నం. కాకపోతే సిలిండర్లు నాలుగు. కంపెనీవాళ్ళే గోడలు తొలవకుండా ఇంకో సిలిండరు పెట్టుకున్నారు. పైగా ఆర్.సి.లో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మాకు ఆ ఏడే పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంది. మావాడు ఇంక ఏమీ మాట్లాడలేదు.

అరుగుదల పోయేంతవరకే కొట్టించాం, అర మిల్లీమీటరు. ముందు పిస్టన్లు కొని తెమ్మన్నాడు. వాటిని కొలిచి, వాటికి తగ్గట్టే బోరు కొడతాడట. జాకెట్టు కుట్టడానికి కొలతలిచ్చినట్టే అనుకున్నాను. పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు వెంట్రుక మందం కూడా ఉండదు. చివర్లో హోనింగ్ అని, సానరాళ్ళు తిప్పి గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెట్టాడు. నున్నగా ఉంటేనే మంచిది కదా అంటే, ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుందన్నాడు. కొత్త రోలుకు గంట్లు కొట్టించమూ?

పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు, బోరింగు, విప్పి బిగించిన కూలి అన్నీ కలిపి 18 వేలు అయింది. ఫీజు రెండు వాయిదాల్లో కట్టాం. అమ్మాయి ఒక నెల ముఖం ముడుచుకుంది, నిజం చెప్పాలి కదా.

ఇంత అరగడానికి కారణమేమిటని అడిగితే పెద్దాయన ఎయిర్ ఫిల్టరు విప్పి నేలకేసి కొట్టాడు. నల్లటి దుమ్ము పొట్లాం కట్టేంత రాలింది. మా రోడ్ల మీద బొగ్గు లారీలు తిరుగుతాయి, దుమ్ముకు కొదవా? టీ వడగట్టే జాలీ రోజూ కడిగే నేను, దాని సంగతే ఎరగను. ఇప్పుడు పాల లెక్క పక్కనే ఫిల్టరు తేదీ కూడా క్యాలెండరు మీద వ్రాస్తున్నాను.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను పరిగెత్తించొద్దన్నారు. డయాలిసిస్ రోజున మావాడే నడిపాడు, ఎంతో బుద్ధిగా. మందమర్రి దాటాక అత్తమ్మ కొంగు ముక్కు దగ్గర నుంచి తీసి, "ఏందే, ఇయ్యాల పొగ వాసన వస్తలేదు?" అంది. "బోరు కొట్టించినం అత్తమ్మా" అన్నాను. "మనకు నల్లా ఉన్నది కదనే, బోరెందుకు?" అంది.