చచ్చిపోయిందనుకునే ముందు

జనవరి వచ్చిందంటే మా శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. అన్నీ అలా వెళ్లవు. కొన్ని ట్రాల్ వలల్లో చిక్కుకుని, కదలకుండా ఒడ్డుకు కొట్టుకొస్తాయి.

బారువ దగ్గర అలాంటిదొకటి కనబడింది. చుట్టూ ఫోన్లు, వీడియోలు. మా పెదనాన్న "సచ్చిపోనాదిరా, ఒగ్గేయ్" అన్నాడు. చూడ్డానికి అలాగే ఉంది. కానీ తాబేలు చేప కాదు కదా! మనలాగే గాలి పీల్చాలి. వలలో ఎక్కువసేపు మునిగితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లెళ్లి స్పృహ తప్పుతుంది. జాలిపడి వెంటనే సముద్రంలోకి తోశారా, మునిగి చస్తుంది.

వెల్లకిలా తిప్పొద్దు. పొట్ట కిందికే ఉంచి, వెనక భాగం జానెడు ఎత్తు చేస్తే నీళ్లు కారతాయి. నీడలో తడిగోనె కప్పాలి, ముక్కు వదిలేసి. కోలుకోడానికి 4 గంటలు పట్టొచ్చు, 24 గంటలూ పట్టొచ్చు. ఈలోగా అటవీ శాఖకు ఫోన్ చేయాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద దీనికి పులితో సమానంగా రక్షణ ఉంది మరి.

సాయంత్రానికి అది కన్ను కదిపింది. పెదనాన్న ఏమీ అనకుండా ఇంకో బిందె నీళ్లు తెచ్చాడు.

అసలు వలలోనే తాబేలు బయటపడే దారి పెట్టొచ్చు. 'టెడ్' అంటారు. లోపల ఇనప చట్రం ఉంటుంది. రొయ్యలు దాని సందుల్లోంచి వెళ్లిపోతాయి, తాబేలు తగిలి పక్కదారిన బయటికొస్తుంది. దాంతోపాటు కొంత వేటా పోతుందని బోటువాళ్ల బాధ. డీజిల్ ఖర్చు చూస్తే వాళ్ల మాటా కొట్టిపారేయలేం.