ముక్తినాథానికి రాత్రి బస్సు

నేపాళంలోని ముక్తినాథ క్షేత్రం మన ప్రాంతాల తెలుగు కుటుంబాలకు కొత్త పేరు కాదు. శ్రీవైష్ణవులు కొలిచే 108 దివ్యదేశాలలో అది ఒకటి. తిరుచ్చాళగ్రామం అనే పేరుతో తిరుమంగై ఆళ్వారు దానిపై పది పాశురాలు పాడినారు. మన పూజా మందిరాలలో తరతరాలుగా తులసీదళంతో పూజలందుకొంటున్న సాలగ్రామాలు ఆ క్షేత్రానికి దిగువను పారే కాళీగండకీ నదిలోనివే. వెళ్ళి వచ్చినవారు కోవెల సంగతి, 108 ధారల సంగతి విస్తారంగా చెబుతారు. దారి సంగతి అడిగితే మాత్రం "కొంచెం శ్రమే" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆ కొంచెం శ్రమ యెంతటిదో పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళేవారికి ముందుగా తెలిసివుండటం మంచిదని యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2024 మార్చి నెలాఖరున మేము అయిదుగురం బయలుదేరాము. మా అమ్మగారు, చిన్నమ్మ, బావగారు, మేము దంపతులం. అమ్మకు 74 యేళ్ళు. రక్తపు పోటు వున్నది, చలి తగిలితే ఆయాసం వస్తుంది. మా నాన్నగారి తిథి ఫాల్గుణ బహుళ అష్టమి. ఆ సంవత్సరం అది ఏప్రిల్ 2వ తేదీన వచ్చింది. ఆనాటికి గండకీ తీరాన కాగ్‌బేని చేరి అక్కడ పిండప్రదానం జరిపించాలని అమ్మ కోరిక. "కాళ్ళు ఆడుతున్నప్పుడే తీసుకొని పోండిరా, మంచం పట్టాక మోసుకొని పోతారా?" అన్నది. డాక్టరుగారు ఆమెను పరీక్షించి, "వెళ్ళవచ్చును. కాని మెల్లగా యెక్కాలి, దారిలో నిద్ర చెడగూడదు" అని మందులు వ్రాసి యిచ్చారు. మొదటి మాట మా చేతిలో వున్నదే. రెండవ మాట బస్సు చేతిలో వున్నదని తరువాత తెలిసింది.

గోరఖ్‌పూరు వరకు రైలు. అది తొమ్మిది గంటలు ఆలస్యంగా చేరింది. అక్కడినుంచి జీపులో సరిహద్దు వూరు సునౌలీ చేరేసరికి పొద్దు వాలింది. పగటి బస్సులు యెప్పుడో వెళ్ళిపోయినవి. ఆ రాత్రి సరిహద్దులోనే ఆగిపోతే, కొండ యెక్కేముందు అమ్మకోసం కేటాయించుకొన్న విశ్రాంతి దినం ఒకటి పోతుంది. తిథి మనకోసం ఆగదు గదా. అందుచేత రాత్రి బస్సే గతి అయింది.

సరిహద్దు దాటడంలో చిక్కేమీ లేదు. 1950 నాటి ఒడంబడిక వల్ల మనవారికి వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని దగ్గర వుంటే చాలు. గడియారం పావుగంట ముందుకు త్రిప్పుకోవాలి. మన నూరు రూపాయలకు వారి 160 రూపాయలు. 1993 నుంచి అదే లెక్క. టిక్కెట్టు చూసుకొంటే సంవత్సరం 2080 అనీ, నెల చైత్ అనీ వున్నది. మన ఉగాది రాకముందే వీరికి చైత్రం యెలా వచ్చిందని చిన్నమ్మ ఆశ్చర్యపోయింది. నేపాళంలో విక్రమశకమే రాజముద్ర గల లెక్క. నెలలు సౌరమానం. మన తమిళ సోదరుల పంగుని యేదో వారి చైత్రం అదే. వారి సంవత్సరాది కూడా చిత్తిరై ఒకటో తేదీ ప్రాంతంలోనే వస్తుంది. యింత దూరం వచ్చి మన పక్కింటి పంచాంగమే కనబడినందుకు మాకు సంతోషమయింది.

ఆ సంతోషం బస్సు చూసేవరకే. టిక్కెట్లు అమ్మినవాడు చూపిన బొమ్మలో వెనక్కు వాలే మెత్తని సీట్లు, దుప్పట్లు, చల్లగాలి యంత్రం వున్నవి. వచ్చిన బస్సులో సీట్లు నిటారుగా బిగిసి, మోకాళ్ళు ముందు సీటుకు తగిలేట్టు వున్నవి. మాకు దొరికినవి వెనుకనుంచి రెండవ వరుస, వెనుక చక్రాలకు పైన. కిటికీ ఒకటి పూర్తిగా మూసుకోదు. దాని సందులో యెవరో పాతగుడ్డ కుక్కారు. సీట్లన్నీ నిండిన తరువాత నడవలో వెదురు మోడాలు వేసి యింకొక పదిమందిని కూర్చోబెట్టారు. చేతిసంచులు కాళ్ళదగ్గర పెట్టుకొంటామని మేము యెంత చెప్పినా వినక, సామాను యెక్కించేవాడు వాటిని కూడా బస్సు పైకి విసిరి టార్పాలిన్ కట్టేశాడు. వాటిలో అమ్మ మందుల సంచి వున్నది. అది తెలిసేసరికి బస్సు కదిలింది.

సునౌలీనుంచి పోఖరా సుమారు 180 కిలోమీటర్లు. సిద్ధార్థ రాజమార్గం అనే యీ రోడ్డును భారతదేశం సహాయం చేసి వేయించింది. బుట్వల్ వరకు మైదానం, మన గోదావరి జిల్లాల రోడ్డువలె చదును. బుట్వల్ దాటగానే మైదానం గోడ కట్టినట్టు ఆగిపోయి కొండలు మొదలవుతవి. అక్కడినుంచి తెల్లవారేదాకా రోడ్డు పది గజాలు తిన్నగా పోయిందని చెప్పలేము. ఖలాసీ కుర్రవాడు అందరికీ తలా ఒక ప్లాస్టిక్ సంచి పంచాడు. యెందుకో అర్ధం కాలేదుగాని, నాలుగు మలుపులు తిరిగేసరికి ముందు వరుసలనుంచి చప్పుళ్ళు వినబడి అర్ధమయింది. పైన రేడియోలో పల్లెపాటలు, వెనుక పసిపిల్ల యేడుపు, మలుపు మలుపుకీ హారను. వీటి మధ్య మా బావగారు మాత్రం గుర్రుపెట్టి నిద్రపోయారు. ఆయన రైల్వే గూడ్సు షెడ్డు ప్రక్కన పుట్టి పెరిగినవారు.

బుట్వల్‌కు యెగువను సిద్ధబాబా గుడి వద్ద కొండ చాలా చెడ్డది. వాన లేకపోయినా రాళ్ళు దొర్లుతవి. ఆ భాగాన్ని తప్పించడానికి సొరంగం పని 2022లో మొదలుపెట్టారు. ఆ రాత్రి మాకు ముందు యెక్కడో రాళ్ళు పడి దారి మూసుకున్నది. లారీలు, బస్సులు వరుసగా నిలిచిపోయినవి. ఇంజను ఆపేశారు. దీపాలు ఆర్పేశారు. ఒకవైపు నల్లటి కొండ, మరొకవైపు యెంత లోతో తెలియని లోయ. అడుగున నీటి చప్పుడు మాత్రం వినిపిస్తున్నది.

గంట గడిచింది. అమ్మ రాత్రి మాత్ర వేసుకొనే వేళ దాటిపోయింది. గుడ్డ కుక్కిన కిటికీనుంచి చలిగాలి కొట్టి ఆయాసం మొదలయింది. పీల్చే మందు కూడా పైన కట్టేసిన సంచిలోనే వున్నది. "యేమీ లేదు, మీరు గొడవ చేయకండి" అని అంటూనే ఆమె ముందు సీటు కమ్మీ పట్టుకొని మూలుగుతున్నది. మాకు నేపాళీ రాదు. వచ్చిన హిందీ కంగారులో నోటికి రావడంలేదు. అప్పుడు నడవలో మోడా మీద కూర్చున్న ఒక కుర్రవాడు తిరిగి చూసి, శుభ్రమైన తమిళంలో, "పయప్పడాదీంగ అమ్మా, ఎన్న వేణుం?" అన్నాడు. కోయంబత్తూరులో ఒక హోటలు వంటశాలలో ఆరేళ్ళు పనిచేసి, స్యాంజాలో వున్న తన యింటికి సెలవుమీద వెళ్తున్నాడట. మేము సంగతి చెప్పగానే అతను, ఖలాసీ యిద్దరూ టార్చిలైటు పట్టుకొని పైకెక్కారు. తాళ్ళు విప్పి, పాతిక సంచులు అటూ యిటూ పెట్టి, మా ఆకుపచ్చ సంచి దింపేసరికి పావుగంట పట్టింది. క్రింద డ్రైవరు కేకలు వేస్తూనే వున్నాడు. ఖలాసీ సంచి తెచ్చి అమ్మ వొడిలో పెట్టి, "ఆమా" అన్నాడు. ఆ మాటకు తర్జుమా అక్కరలేకపోయింది. వారి భాషలో తల్లిని ఆమా అంటారు. మందు పీల్చిన పది నిమిషాలకు ఆమె వూపిరి కుదుటపడింది. కుర్రవాడి చేతిలో మేము యిరవై రూపాయలు పెట్టబోతే అతను నవ్వి, మేము కొని తెచ్చుకొన్న చక్కిలాలు రెండు తీసుకున్నాడు.

దారి తెరిపి యివ్వడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలలో ఆడవారి యిబ్బంది వేరుగా చెప్పాలి. రోడ్డు ప్రక్కన మరుగు లేదు, దీపం లేదు. మా యింటావిడ, చిన్నమ్మ, బస్సులోని నేపాళీ స్త్రీలు కలిసి రెండు శాలువలు తెరగా పట్టుకొని ఒకరికొకరు కాపలా కాసుకున్నారు. ఆ పాటికి భాష తెలియని వారందరూ చుట్టాలైపోయారు. పాల్పా దాటాక అర్ధరాత్రి వేళ ఒక పూటకూటి యింటివద్ద వేడి అన్నం, పప్పు, ఆవకూర పెట్టారు. అంత రుచిగల పప్పు అన్నం మేము యెరుగమని చెబితే ఆకలి మహిమ అంటారు. కావచ్చును.

అమ్మ అన్నం తినలేదుగాని ఒకటే అడిగింది. గండకి యెప్పుడు వస్తుందని. రోడ్డు రామ్‌దీ వంతెన మీద కాళీగండకిని దాటుతుంది. ఖలాసీకి కోయంబత్తూరు కుర్రవాడు యీ సంగతి చెప్పాడు. రెండు గంటలు దాటిన తరువాత ఖలాసీ వచ్చి, "ఆమా, గండకీ ఆయో" అని తట్టాడు. పున్నమి వెళ్ళి మూడు రోజులే కాబట్టి వెన్నెల బాగా వున్నది. డ్రైవరు బస్సు ఆపలేదు. వంతెన మీద ఆపడానికి వీలులేదట. కాని నడకవేగానికి తగ్గించాడు. గుడ్డ తీసేసి కిటికీ తెరిచాము. అడుగున నది సన్నగా మెరిసింది. అమ్మ చేతులు జోడించి, ఒక నాణెం విడిచి, నాన్నగారి గోత్రనామాలు చెప్పుకున్నది. అర నిమిషంలో వంతెన అయిపోయింది. మళ్ళీ మలుపులు.

వేకువ నాలుగు గంటలకు చేరవలసిన పోఖరా యేడు గంటలకు చేరాము. మాకు నడుములు తిన్నగా నిలవలేదు. అమ్మ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచినవి. పోటు చూపిస్తే 170 వున్నది. ఆ రోజంతా ఆమెను పడుకోబెట్టాము. కిటికీలోనుంచి మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం చేపతోక ఆకారంలో తెల్లగా కనబడుతూ వుంటే, చూడటానికి ఆమెకు కళ్ళు తెరిచే ఓపిక లేకపోయింది. రాత్రి బస్సు యెక్కి మిగుల్చుకొన్న విశ్రాంతి దినం ఆ బస్సుకే సమర్పణ అయింది.

అక్కడినుంచి పని మెల్లగా నడిపాము. జీపులో మొదటి రోజు తాతోపాని వరకు. ఆ వూళ్ళో వేడినీటి వూటలున్నవి. రెండవ రోజు అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాల నడుమ కాళీగండకీ కోసిన లోయలో జోమ్‌సోమ్ వరకు. సుమారు 2,700 మీటర్ల యెత్తు. మధ్యాహ్నం కాగానే అక్కడ గాలి లేచి మనిషిని నెట్టేస్తుంది. ఒక దినం అక్కడ ఆగాము. అష్టమినాడు కాగ్‌బేనిలో పిండప్రదానం యథావిధిగా జరిగింది. అమ్మ స్వయంగా నీళ్ళు ముంచి తెచ్చింది. మరునాడు రాణీపౌవానుంచి గుర్రం మీద కోవెలకు చేర్చాము. అది సుమారు 3,700 మీటర్ల యెత్తున వున్నది. మంచువంటి 108 ధారలక్రింద మేము పరుగెత్తాము. ఆమె ఒక్కొక్క ధారనూ చేత్తో తాకి తలపై చల్లుకున్నది. బౌద్ధులకు కూడా అది పుణ్యస్థలమే. దగ్గరనే జ్వాలామాయి గుడిలో నీటి ప్రక్కన నేలలోని వాయువు నీలిమంటగా వెలుగుతున్నది. సాలగ్రామాలు ఒకనాటి సముద్రజీవుల శిలారూపాలనీ, యీ కొండల చోట పూర్వం సముద్రం వుండేదనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. అమ్మ అది విని, "శంఖచక్రాలవాడికి సముద్రం వుండదా?" అన్నది.

తిరుగు ప్రయాణం పోఖరానుంచి పగటి బస్సులో. అదే రోడ్డు, అదే వంతెన. మెట్లు మెట్లుగా చెక్కిన చేలు, రామ్‌దీవద్ద స్నానాలు చేస్తున్న జనం, పాల్పా కొండమీద వూరు, అన్నీ చూశాము. సిద్ధబాబావద్ద ఆ రాత్రి మేము నిలిచిన అంచు కూడా చూశాము. క్రిందికి చూసి మా బావగారికి అప్పుడు నిద్ర పట్టలేదు.

మేము తిరిగివచ్చిన మూడు నెలలకు, 2024 జూలై 12 వేకువన, నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ వద్ద కొండచరియ విరిగి రెండు రాత్రి బస్సులను త్రిశూలీ నదిలోకి తోసింది. అరవైమందికి పైగా కొట్టుకుపోయారు. ఆగస్టు 23న పోఖరానుంచి కాఠ్మండుకు పగటివేళ వెళ్తున్న మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాంగ్డీ నదిలో పడి పాతికమందికి పైగా చనిపోయారు. వారూ మనవలెనే పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళినవారే. ఆ వార్తలు చదివినప్పుడల్లా మాకు మూడు గంటల ఆ చీకటి గుర్తుకు వస్తుంది.

కాబట్టి మా మనవి యిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానకాలంలో యీ యాత్ర పెట్టుకోవద్దు. తిథి వుంటే దానికి పది రోజులు ముందే బయలుదేరండి, రైలు ఆలస్యమైనా చెల్లుతుంది. పొద్దువాలి సరిహద్దు చేరితే భైరహవాలో పడుకొని తెల్లవారి కదలండి. లుంబినీ దగ్గరలోనే వున్నది, చూడవచ్చును. మందులు సంచిలో కాదు, వొంటిమీద వుండాలి. శాలువ ఒకటి ఆడవారి దగ్గర తప్పక వుండాలి. కొండదారిలో రాత్రి బస్సు ఒక రాత్రి బస ఖర్చు మిగిల్చి రెండు పగళ్ళ బలం పట్టుకుపోతుంది. చిన్నవారు దాన్ని తిరిగి సంపాదించుకొంటారు. పెద్దవారి దగ్గర అంత నిలవ వుండదు.

మా వీధిలో యిద్దరు ముగ్గురు పెద్దమ్మలు వచ్చి, ముక్తినాథం మావల్ల అవుతుందా అని అమ్మను అడుగుతున్నారు. ఆమె అందరికీ ఒకటే చెబుతున్నది: "యెందుకు కాదు, తప్పక పోండి. కాని పగలు పోండి."