దగ్గర్లోనే ఉంది

మా ఇంటికి అట్టపెట్టె వచ్చిందంటే కొత్తకోడలు గడప దాటుతున్నంత హడావుడి. మావారు ఆఫీసునుంచి గంట ముందే వచ్చేస్తారు. కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. కత్తెర తెమ్మంటారు. తీరా తెచ్చాక "అబ్బే, గీత పడుతుంది" అని గోటితోనే టేపు ఊడదీస్తారు. లోపల తెల్లటి థర్మోకోల్ మధ్యనించి నల్లటి పెట్టె ఒకటి పైకి లేస్తుంది. పోయినసారి వచ్చిన నల్లపెట్టెకీ దీనికీ తేడా ఏమిటో నాకు తెలీదు. ధర అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. అడిగినా సగమే చెబుతారు. చీరల ధరలు మనం చెప్పేదీ అలాగే కనక ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

తరవాత అసలు ఘట్టం. అటు స్పీకరుకీ ఇటు స్పీకరుకీ సరిగ్గా మధ్యన సోఫాలో నన్ను కూర్చోబెడతారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి కచేరీ పెడతారు. ఎన్ని పెట్టెలు మారినా కచేరీ మాత్రం ఎప్పుడూ అదే.

"విన్నావా?"

"విన్నాను."

"ఏం విన్నావు?"

"పాట."

ఆయన మొహం పొంగని పూరీలా అణిగిపోతుంది. "పాట కాదోయ్, పాట వెనకాల!" అంటారు. పాట వెనకాల మా కుక్కరు మూడో కూత వేస్తూంటుంది. ఆ మాట చెబితే బావుండదని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. వెనకనించి ఆయన తనలో తాను అనుకోవడం వినిపిస్తుంది: "ఇంకొంచెం. దగ్గర్లోనే ఉంది."

ఏది దగ్గర్లో ఉందో ఇరవయ్యేళ్ళు పైబడి కాపరం చేసినా నాకు అర్థం కాలేదు.

2002లో మా పెళ్ళయ్యేనాటికి ఆయనకున్నది రేడియో, టేప్‌రికార్డరు కలిసిన ఒకే ఒక్క పెట్టె. హాయిగా దానిమీద దుప్పటి కప్పి రైల్లో కాపరానికి తెచ్చుకున్నాం. ఆ తరవాత సీడీ ప్లేయరు వచ్చింది. దాని స్వచ్ఛతకి పాత స్పీకర్లు చాలవన్నారు. స్పీకర్లు వచ్చాయి. వాటిని మోయడానికి ఆంప్లిఫయరుకి సత్తువ లేదన్నారు. ఆంప్లిఫయరు వచ్చింది. ఇంత మంచి సరంజామాకి ఆ నాసిరకం వైర్లేమిటన్నారు. నా నల్లపూసల గొలుసుకన్నా లావుపాటి వైర్లు వచ్చాయి. చివరికి చక్రం తిరిగి మొదటికొచ్చింది. నల్లటి పెద్ద రికార్డులే మేలని, వాటిని తిప్పే యంత్రం కోసం కోఠీలో గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ స్ట్రీటూ గాలించారు.

గోచీ కాపాడుకోబోయిన సన్యాసి కథ మనందరికీ తెలిసిందే. ఎలకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని పెంచాడు. పిల్లికి పాలకోసం ఆవుని, ఆవుకి గడ్డికోసం పొలాన్ని, అవన్నీ చూసుకోడానికి చివరికి పెళ్ళాన్నీ తెచ్చుకున్నాడు. ఫ్రాన్సులో దిదెరో అనే రచయిత 1769లో ఇలాంటి మొరే పెట్టుకున్నాడు. ఆయనకెవరో ఖరీదైన ఎర్రటి గౌను బహూకరించారు. దాని పక్కన పాత కుర్చీ వెలవెలబోయింది, మార్చాడు. కుర్చీ పక్కన బల్ల వెలవెలబోయింది, అదీ మార్చాడు. చూస్తూండగా గదంతా మారిపోయి, తన పాత గౌను కోసం ఏడ్చాడు. 1988లో మెక్‌క్రాకెన్ అనే ఆయన ఈ జబ్బుకి దిదెరో పేరే పెట్టాడు. మన సన్యాసి పేరు ఎవరికీ తెలీదు కాబట్టి ఆ కీర్తి ఫ్రాన్సుకి పోయింది.

ఇదంతా మావారికి వినిపించాను. "ఆవు పాలు బావుంటాయిగా మరి!" అన్నారు.

సరే, తిట్టడం కన్నా తెలుసుకోవడం నయమని నేనూ కాస్త చదివాను. నవలలు రాసే దాన్ని, మనుషుల పిచ్చి నాకు ముడిసరుకే కదా! చదివితే తెలిసిందేమిటంటే, మన చెవి మహా పిసినారిది. ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేస్తే చెవికి తెలిసేది కాస్త హెచ్చు, అంతే. మోత రెండింతలైనట్టు అనిపించాలంటే శక్తిని సుమారు పదింతలు చెయ్యాలి. పైగా రెండు పెట్టెల్లో ఏది రవంత గట్టిగా మోగితే అదే మంచిదని మనసు తీర్పు చెప్పేస్తుంది. పులుసులో ఓ పలుకు ఉప్పు ఎక్కువ పడితే "ఇవాళ రుచి కుదిరిందోయ్" అంటారే, అలాగన్నమాట. ఈ రహస్యం తెలిసిన కొట్టువాడికి అమ్మకం కష్టం కాదు.

ఇంకో సంగతీ చదివాను. సీడీలో పాటని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. అది చాలదని అంతకన్నా మెరుగైన రికార్డింగులు వచ్చాయి. 2007లో అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఆ మెరుగైనదాన్నీ, దాన్నే సీడీ స్థాయికి తగ్గించినదాన్నీ ఏది ఏదో చెప్పకుండా వినిపించి, గుర్తు పట్టమన్నారు. వినేవాళ్ళలో ఆరితేరినవాళ్ళూ ఉన్నారు. అయిదొందల పైచిలుకు పరీక్షల్లో సరైన జవాబులు సుమారు సగం. అంటే రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసూ చెప్పినా అంతే వస్తుంది!

విజయగర్వంతో ఆ వ్యాసం చదివి వినిపించాను. ఆయన శాంతంగా విని, "వాళ్ళ చెవులు వాళ్ళవి" అన్నారు.

అలాగని తేడాలన్నీ భ్రమేనని నేననను. స్పీకర్లు మారినప్పుడు నాక్కూడా తెలిసింది. ఓ దసరాకి ఇల్లు దులుపుతూ వాటిని మూలలనించి రెండడుగులు ముందుకు జరిపాను. కిటికీకి మందపాటి తెర వేశాను. సాయంత్రం ఆయన వచ్చి పాట పెట్టుకుని కొయ్యబారిపోయారు. మూలలో కూర్చున్న స్పీకరుకి గోడలు వంత పాడతాయట. అందుకని మృదంగం మోత బావిలోంచి వస్తున్నట్టుండేదట. ఇప్పుడు విడివిడిగా వినిపిస్తోందట. "ఏం కొన్నావు?" అన్నారు. "చీపురు" అన్నాను. మూడు రోజులు సంతోషించారు గానీ, కానీ ఖర్చు లేని ఆ మేలు ఆయనకి తృప్తినివ్వలేదు. నాలుగో రోజు మళ్ళీ కేటలాగు పట్టుకుని కూర్చున్నారు.

అప్పుడే కోపంవచ్చి అడిగేశాను. "ఏమండీ, ఎక్కడ ఆగుతారు? ఏం వినిపిస్తే మీకు చాలు?"

"నువ్వు పోయిన నవలతో ఎందుకు ఆగలేదు?" అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. అచ్చులో చూసుకున్న ప్రతి నవలా నేననుకున్నదానికి ఓ చెయ్యి తక్కువే. వచ్చేదానిలో పట్టేస్తానని ఇంకోటి మొదలెడతాను. అయితే నాకు ఖర్చయ్యేది కాగితాలే కదా అనబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రే ఆయన 1984 సంగతి చెప్పారు. అప్పుడాయనకి పదకొండేళ్ళు. కోనసీమలో వాళ్ళ ఊళ్ళో పాటంటే రేడియోయే. ఆ వేసవిలో మేనమామ కువైట్ నించి టేప్‌రికార్డరు తెచ్చాడు. రాత్రి పెరట్లో నులకమంచాలు వేసుకుని ఊరివాళ్ళంతా చేరితే, ఎమ్మెస్ కచేరీ కేసెట్టు పెట్టాడు. "ఆవిడ పాట రేడియోలో ఎన్నోసార్లు విన్నదే. కానీ ఆ రాత్రి పాట వెనకాల ఇంకేదో ఉంది. సన్నగా, మెరుస్తూ, గాలిలో జరీపోగు ఊగినట్టు. అదేమిటి మావయ్యా అంటే, తంబురా రా అన్నాడు. అప్పటిదాకా తంబురా అనేది ఒకటి మోగుతూంటుందని నాకు తెలీదు."

దీనికీ కారణముంది. మీడియం వేవ్ రేడియోలో నాలుగయిదు వేల కంపనాల పైనుండే ధ్వని దాదాపు రాదు. తంబురా బ్రిడ్జి మీద తీగె కింద చిన్న దారం ఇరికిస్తారు. దాంతో తీగెకి ఆ ఝుమ్మనే నాదం, పైస్థాయి స్వరాల తళుకు వస్తాయి. ఆ తళుకు రేడియోలో రాలిపోతుంది. కేసెట్టులో కొంత మిగులుతుంది.

"కొత్త పెట్టె పెట్టిన మొదటి వారం నాకు ఆ రాత్రి మళ్ళీ వినిపిస్తుందోయ్. తరవాత చెవికి అలవాటైపోతుంది. మామూలు పాటయిపోతుంది" అన్నారు.

అదన్నమాట దగ్గర్లో ఉన్నది! పదకొండేళ్ళ కుర్రాడి ఆశ్చర్యం. దాన్ని ఏ గల్లీలోనూ అమ్మరు. ఆ మాట నేను పైకి అనలేదు.

నిరుడు మా ఇంట్లో ఓ కొత్త వేడుక మొదలైంది. స్నానాలగదిలో "సబ్బు లేదండీ" అంటే, "డబ్బా? మొన్నేగా ఇచ్చానూ!" అనేవారు. కావాలని పరిహాసమాడుతున్నారనుకున్నాను. పిల్లవాడు ఫోను చేస్తే "గొణక్కురా" అని కసిరేవారు. టీవీ మోత పెరిగింది. చివరికి నేనే బలవంతాన చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

గాజు కిటికీ ఉన్న చిన్న గది. చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. లోపల మావారు కళ్ళు మూసుకుని అచ్చు ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు. మొదట వేలు చకచకా కదిలింది. తరవాత నెమ్మదించింది. తరవాత చాలాసేపు కదల్లేదు. వినడానికే ఇన్నేళ్ళు ఇంత చేసిన మనిషి, ఏదో వస్తుందని అలా ఎదురుచూస్తూ కూర్చోవడం గాజులోంచి చూడలేకపోయాను.

డాక్టరు కాగితంమీద గీత చూపించారు. మూడువేల దాకా బాగానే నడిచి, నాలుగువేల దగ్గర్నించి మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో వచ్చేదేనట, పైస్థాయి శబ్దాలే ముందు పోతాయట. స, శ, ష లాంటి అక్షరాలు జారిపోతాయట. సబ్బు డబ్బయింది అందుకే. పుట్టినప్పుడు 20,000 కంపనాల దాకా వినే చెవి ఎవరికీ చివరిదాకా అలా ఉండదట.

ఇంటికొచ్చాం. బల్లమీద కొత్త స్పీకర్ల పుస్తకం తెరిచే ఉంది. 40,000 దాకా పలుకుతాయని అందులో గొప్పగా రాశారు. ఆయన దాన్ని మెల్లిగా మూసి అలమారులో పెట్టేశారు. నాకు కనిపించింది ఒక్కటే: ఏ రేడియోలోంచి 1984లో ఆయన బయటపడ్డారో, ఆయన చెవి మళ్ళీ ఆ రేడియో అయిపోయింది.

పది రోజులు ఇంట్లో పాట లేదు. ఎన్నోసార్లు దేవుణ్ణి కోరుకున్న నిశ్శబ్దం తీరా దొరికాక గొంతుకి అడ్డం పడింది. పదకొండో రోజు సాయంత్రం నేనే వెళ్ళి ఆ పెట్టెలన్నిటికీ ఏ మీట దేనిదో వెతుక్కుని ఆ కచేరీ పెట్టాను. మధ్యలో ఆయన చోట కూర్చున్నాను. కుక్కరు ఆపేసి మరీ విన్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"తంబురా కాస్త ఎడమపక్కనుంది. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు అదొక్కటే మిగులుతోంది. మీరన్నట్టు జరీపోగులాగే ఉంది" అన్నాను.

ఆయన పక్కన కూర్చున్నారు. "ఇంకా?" అన్నారు.

ఇంకా ఏం వినిపిస్తోందో చెబుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో ఆ కచేరీని నేను వినడం అదే మొదటిసారి.

తరవాత నెల చెవి మిషన్ కొనడానికి వెళ్ళాం. తగ్గిన చోటే శబ్దాన్ని పెంచేలా, డాక్టరిచ్చిన గీత చూసి దాన్ని సరిచేస్తారు. ఏడుపు మొహంతో వచ్చిన మనిషి, ఆ అమ్మాయి మూడు రకాలు బల్లమీద పెట్టేసరికి నిటారుగా కూర్చున్నారు. ఇందులో ఎన్ని ఛానెళ్ళు? సంగీతానికి వేరే అమరిక ఉందా? ఒకదాని తరవాత ఒకటి పెట్టి పోల్చి వినొచ్చా? అమ్మాయి బిత్తరపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి రాగానే కచేరీ పెట్టుకున్నారు. నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చాలాసేపటికి తల ఊపారు.

"అదే కాదు. కానీ దగ్గర్లోనే ఉంది. దీనికన్నా పై రకం ఒకటుందన్నదిగా ఆ అమ్మాయి?"

నేను మాట మార్చాను. "ఏమండీ, సబ్బు అయిపోయింది."

ఒక్క అక్షరం జారకుండా వినిపించింది ఆయనకి.

"డబ్బూ అయిపోయింది" అన్నారు.